చిన్న కాలేజీల్లో బేస్‌బాల్ స్కాలర్‌షిప్ డబ్బు ఒక్కో చోట ఒక్కోలా ఎందుకుంటుంది?

ప్రశ్న: డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అబ్బాయి పదకొండో తరగతి, ఎడమచేతి వాటం పిచర్. జీపీఏ 3.8. ఒక డివిజన్ 2 ప్రైవేటు కాలేజీ కోచ్ 40 శాతం ఇస్తామంటున్నారు. ఎన్‌ఏఐఏ కాలేజీ కోచ్ "మంచి ప్యాకేజీ" అంటున్నారు. ఒక కమ్యూనిటీ కాలేజీ వాళ్లు ట్యూషన్, పుస్తకాలు చూసుకుంటామన్నారు. డివిజన్ 3 కోచ్ మాత్రం బేస్‌బాల్‌కి ఒక్క డాలరు కూడా ఇవ్వలేనని చెప్పేశారు. మేం ఇంకా హెచ్-1బీ మీదే ఉన్నాం. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట నమ్మాలి?

సమాధానం: నలుగురు కోచ్‌లూ నిజమే చెబుతూ ఉండొచ్చు. చిక్కల్లా ఏమిటంటే, ఒక్కొక్కరూ ఒక్కో రకం డబ్బు గురించి మాట్లాడుతున్నారు. నేను ఇక్కడ ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో, విద్యార్థులకు ఆర్థిక సహాయం చూసే ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేశాను. కోచ్‌లు పేర్ల జాబితా పట్టుకుని వచ్చేవాళ్లు. ఎవరికి ఎంత వస్తుందో మేం లెక్కకట్టి చెప్పేవాళ్లం. ఆ అనుభవంతో రాస్తున్నాను, కాస్త పొడుగ్గానే ఉంటుంది.

ముందు నిబంధనలు. కాలేజీ ఆటల్ని నడిపే పెద్ద సంఘం ఎన్‌సీఏఏ, దానిలో మూడు డివిజన్లు. అందులో డివిజన్ 2లో ఒక బేస్‌బాల్ జట్టు ఇవ్వగలిగింది గరిష్ఠంగా 9 పూర్తి స్కాలర్‌షిప్‌లకు సరిపడా డబ్బు. ఎక్కువగా చిన్న కాలేజీలుండే వేరే సంఘం ఎన్‌ఏఐఏలో 12. కమ్యూనిటీ కాలేజీల సంఘమైన ఎన్‌జేసీఏఏ డివిజన్ 1లో 24. ట్యూషన్, ఫీజులు, పుస్తకాలతో పాటు ఉండటానికి, తినడానికి అయ్యే ఖర్చు కూడా ఇందులో ఇవ్వొచ్చు. అదే సంఘం డివిజన్ 2లోనూ 24 ఉన్నాయి గానీ ట్యూషన్, ఫీజులు, పుస్తకాల వరకే. దాని డివిజన్ 3లో ఆటకంటూ ఏమీ ఉండదు. మీ ఊరికి దగ్గర్లో ఉన్న డల్లాస్ కాలేజ్ క్యాంపస్‌ల జట్లు ఈ డివిజన్ 3లోనే ఆడతాయి. ఉత్తరాన డెనిసన్‌లో ఉన్న గ్రేసన్ కాలేజ్ డివిజన్ 1. కారులో గంట తేడాలో రెండు కమ్యూనిటీ కాలేజీలు, ఒకచోట ఆటకి సున్నా, ఇంకోచోట హాస్టల్ దాకా ఇచ్చే వీలు. ఎన్‌సీఏఏ డివిజన్ 3లో కూడా ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వడం నిషేధం. కాబట్టి ఆ కోచ్ మీతో మాట్లాడిన తీరు సరైనదే. డివిజన్ 3లో ఎవరైనా "బేస్‌బాల్ డబ్బు ఇప్పిస్తాను" అంటే అనుమానించాలి.

ఈ 9, 12, 24 అనేవి పైకప్పు మాత్రమే. ఆ కాలేజీ నిజంగా ఎంత పెడుతోందన్నది వేరే సంగతి. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే పొరబడతారు. డివిజన్ 2 అనగానే 9 ఉన్నాయనుకుంటారు. తొమ్మిదికి తొమ్మిదీ నింపే కాలేజీలు ఉన్నాయి, రెండు మూడుతో నెట్టుకొచ్చేవీ ఉన్నాయి. రెండూ ఒకే కాన్ఫరెన్స్‌లో, ఒకే మైదానంలో ఒకరి మీద ఒకరు ఆడతాయి. తొమ్మిదీ ఉన్నాయనే అనుకుందాం. జట్టులో 40 మంది ఉంటే తలకి సగటున పావు వంతు కూడా రాదు. పైగా ఎవరూ సమానంగా పంచరు. వారాంతం మ్యాచ్‌లు మొదలుపెట్టే పిచర్లకి, క్యాచర్‌కి, షార్ట్‌స్టాప్‌కి, సెంటర్ ఫీల్డర్‌కి ముందు వెళ్తుంది. మిగిలింది మిగతావాళ్లకి. డివిజన్ 2లో ఒక్కొక్కరికి కనీసం ఇంత ఇవ్వాలన్న నియమం లేదు, కాబట్టి కేవలం పుస్తకాల ఖర్చు ఇచ్చినా దాన్ని స్కాలర్‌షిప్ అనే అంటారు. బయటి నుంచి చూసేవాళ్లకి "స్కాలర్‌షిప్ మీద ఆడుతున్నాడు" అనే తెలుస్తుంది, ఎంత అన్నది ఎవరూ చెప్పరు. మీవాడు ఎడమచేతి పిచర్ కావడం కలిసొచ్చే విషయమే. ఏ కోచ్‌కైనా వాళ్లు ఎప్పుడూ తక్కువే పడతారు.

మరి ఈ తేడాకి కారణం ఏమిటి? డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే తెలుస్తుంది. ప్రభుత్వ కాలేజీలో ఆటల స్కాలర్‌షిప్ అంటే నిజంగా ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. విద్యార్థుల దగ్గర వసూలు చేసే అథ్లెటిక్స్ ఫీజు, యూనివర్సిటీ నిధులు, పూర్వ విద్యార్థుల విరాళాలు, ఇవే ఆధారం. పూర్వ విద్యార్థుల్లో బేస్‌బాల్ అంటే ప్రాణమిచ్చేవాళ్లు నలుగురు ఉన్న చోట ఆ జట్టు దశే వేరు. 2025లో ఎన్‌ఏఐఏ విజేత ఎల్‌ఎస్‌యూ ష్రీవ్‌పోర్ట్ ఆ సీజన్‌లో 59 మ్యాచ్‌లు ఆడి 59 గెలిచింది. అది ప్రభుత్వ కాలేజీయే, చాలామంది పేరు కూడా విని ఉండరు. ఇడాహోలో చిన్న ఊరు లూయిస్టన్‌లో ఉన్న లూయిస్-క్లార్క్ స్టేట్ కాలేజీకి ఎన్‌ఏఐఏ టైటిళ్లు 19 ఉన్నాయి. చిన్న కాలేజీ కాబట్టి ఆట కూడా చిన్నదే, డబ్బూ ఉండదు అని తేల్చేయకండి.

చిన్న ప్రైవేటు కాలేజీలో లెక్క పూర్తిగా వేరు, నేను పనిచేసింది అలాంటి చోటే. అక్కడ స్కాలర్‌షిప్ అంటే చాలావరకు ట్యూషన్‌లో తగ్గింపు. ట్యూషన్ 45,000 డాలర్లని బోర్డు మీద ఉంటుంది, దాదాపు ఎవరూ అంత కట్టరు. దేశమంతటా ప్రైవేటు కాలేజీలు మొదటి ఏడాది విద్యార్థులకి ఇచ్చే తగ్గింపు సగటున సగానికి పైనే ఉంటోంది. ఒక పిల్లాడికి 25,000 తగ్గించినా కాలేజీకి 20,000 చేతికొస్తుంది, హాస్టల్, మెస్ డబ్బు అదనం. అలాంటి పిల్లలు 50 మంది బేస్‌బాల్ కోసం వస్తే, ఏటా పది లక్షల డాలర్ల ట్యూషన్ వచ్చినట్టు. పుట్టేవాళ్లు తగ్గి, కాలేజీలకి పిల్లలు దొరకని ఈ రోజుల్లో కొన్ని చిన్న కాలేజీలకి బేస్‌బాల్ జట్టంటే అడ్మిషన్లు తెచ్చిపెట్టే మార్గం. ఏటా ఇంతమందిని తేవాలని కోచ్‌కి లెక్క పెడతారు. ఇందులో మోసం ఏమీ లేదు, కాలేజీ తలుపులు తెరిచి ఉండాలంటే వాళ్లకి తప్పదు. కానీ మీ అబ్బాయిని పిలుస్తున్నది పిచర్ నిలబడే మౌండ్ మీదకా, హాస్టల్ గది నింపడానికా అన్నది మీరు కనిపెట్టాలి.

దానికి ఒక సులువైన పని ఉంది. ఆ కాలేజీ అథ్లెటిక్స్ వెబ్‌సైట్‌లో జట్టు జాబితా తెరవండి. మొదటి ఏడాది వాళ్లు ఎంతమంది, నాలుగో ఏడాది వాళ్లు ఎంతమంది లెక్కపెట్టండి. మూడేళ్ల కిందటి జాబితా కూడా అక్కడే దొరుకుతుంది. అప్పటి కొత్త పిల్లల పేర్లు రాసుకుని, ఈ ఏడాది జాబితాలో ఎన్ని మిగిలాయో చూడండి. మొత్తం 62 మంది ఉండి, అందులో కొత్తవాళ్లు 28, నాలుగో ఏడాది వాళ్లు 5 ఉన్నారంటే, మూడేళ్ల కిందట చేరిన పిల్లల్లో ఎక్కువమంది ఆట మానేశారో, కాలేజీయే మారారో అని అర్థం. పిచర్లు ఎందరో, వాళ్లలో గణాంకాల పేజీలో నిజంగా ఇన్నింగ్స్ వేసినవాళ్లు ఎందరో కూడా చూడండి. అరగంట పని. కోచ్‌తో గంటసేపు ఫోన్లో మాట్లాడినా ఇంత తెలియదు.

ఇప్పుడు ఆ 40 శాతం సంగతి. దేనిలో 40 శాతం అని అడిగారా? ట్యూషన్‌లోనా, హాస్టల్, భోజనం కలిపిన మొత్తం ఖర్చులోనా? అందులో మార్కుల స్కాలర్‌షిప్ కలిసే ఉందా, విడిగా వస్తుందా? ఊహించి ఒక లెక్క వేద్దాం. ప్రైవేటు డివిజన్ 2 కాలేజీ మొత్తం ఖర్చు ఏడాదికి 54,000 అనుకుందాం, అందులో ట్యూషన్ 38,000. ట్యూషన్‌లో 40 శాతం అంటే 15,200. మార్కుల డబ్బు అందులోనే కలిసి ఉంటే మీరు కట్టేది 38,800. విడిగా ఇంకో 12,000 వస్తే 26,800. ఒకే మాటకి ఏడాదికి 12,000, నాలుగేళ్లకి 48,000 తేడా. ఇంకోపక్క మీ రాష్ట్రంలోనే ఒక ప్రభుత్వ డివిజన్ 2 కాలేజీ మొత్తం ఖర్చు 24,000 ఉండి, కోచ్ మొహమాటపడుతూ 3,000 మాత్రమే ఇవ్వగలనన్నా మీరు కట్టేది 21,000. శాతంలో చూస్తే అది ఎనిమిదో వంతే. అందుకే ఏ కోచ్ ఏం చెప్పినా, కాగితం మీద ఒకే గడి చూడమంటాను: అన్నీ పోగా మన జేబులోంచి ఏడాదికి ఎంత, నాలుగేళ్లకి ఎంత. ఏటా ఫీజు పెరుగుతుంది, స్కాలర్‌షిప్ అంకె మాత్రం చాలాచోట్ల అలాగే ఉండిపోతుంది. అది కూడా కలిపి చూడాలి.

మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది ఎడమ చెయ్యి కాదు, 3.8 జీపీఏ. చిన్న కాలేజీల్లో ఆట డబ్బు పరిమితం, మార్కుల డబ్బు అంత పరిమితం కాదు. కోచ్‌కి కూడా మార్కులున్న పిల్లాడంటే ఇష్టం, ఎందుకంటే మార్కుల మీద వచ్చే డబ్బు అతని బడ్జెట్‌లోంచి పోదు. ఎన్‌ఏఐఏలో అయితే బాగా చదివే ఆటగాళ్లకి ఇచ్చే సహాయాన్ని ఆ 12 లెక్కలో కలపకుండా వదిలే వెసులుబాటు ఉంది. "మంచి ప్యాకేజీ" అన్నారంటే ఎక్కువ భాగం మార్కుల డబ్బే అయి ఉంటుంది. అది మంచిదే. భుజం నొప్పి వచ్చి ఆట ఆగిపోయినా, జీపీఏ నిలబెట్టుకుంటే ఆ డబ్బు సాధారణంగా ఆగదు. పిచర్ల విషయంలో ఈ మాట తేలిగ్గా తీసుకోకండి. మోచేతి సర్జరీ అయి ఏడాదికి పైగా బంతి ముట్టని పిల్లలు కాలేజీ బేస్‌బాల్‌లో చాలామంది.

డివిజన్ 3ని మీరు తీసిపారేయకూడదని చెప్పడం కూడా ఇందుకే. అక్కడ సహాయం ఇచ్చేటప్పుడు ఆటని లెక్కలోకి తీసుకోకూడదు. ఆటగాళ్లకి మిగతా విద్యార్థులకన్నా ఎక్కువ పోతోందా అని ఎన్‌సీఏఏ ఏటా లెక్కలు కూడా అడుగుతుంది. అయినా చాలా కాలేజీల్లో మార్కులకి ఇచ్చేది ఇరవై, ముప్పై వేల డాలర్లు ఉంటుంది. జాన్స్ హాప్కిన్స్, ఎమరీ, ఎంఐటీ, శాన్ ఆంటోనియోలోని ట్రినిటీ, ఇవన్నీ బేస్‌బాల్‌లో డివిజన్ 3యే. ట్రినిటీ 2016లో జాతీయ విజేత. కోచ్ చేయగలిగిన సాయం ఒకటుంది: పదకొండు అయ్యాక వేసవిలో మీవాడి మార్కులు, స్కోర్లు అడ్మిషన్ల ఆఫీసుకి పంపి, సీటు వచ్చే అవకాశం ఎంత, డబ్బు ఎంత రావచ్చు అని ముందే అడిగి చెప్పగలరు. ఆ మాట మీరే అడగండి. ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంటుంది, 2011 నుంచి చట్టం ప్రకారం పెట్టి తీరాలి. అందులో మీ వివరాలు వేస్తే ఒక అంచనా వస్తుంది. కానీ అది పౌరుల లెక్క మీద నడుస్తుంది కాబట్టి, మీ ఇంటి విషయంలో ఫెడరల్ సహాయం అని చూపే భాగాన్ని తీసేసి చూసుకోండి.

అవును, వీసా సంగతి. హెచ్-1బీ వాళ్ల పిల్లలకి ఉండే హెచ్-4 మీద ఫాఫ్సా (ప్రభుత్వ సహాయానికి పెట్టే దరఖాస్తు) ద్వారా వచ్చే ఫెడరల్ డబ్బు ఏదీ రాదు, పెల్ గ్రాంట్ గానీ, ఫెడరల్ లోన్ గానీ. కాలేజీ తన డబ్బులోంచి ఇచ్చే ఆట స్కాలర్‌షిప్, మార్కుల స్కాలర్‌షిప్ మాత్రం కాలేజీ ఇష్టం, వీసా అడ్డు కాదు. కొన్ని కాలేజీలు వీసా మీద ఉన్న పిల్లల్ని అంతర్జాతీయ విద్యార్థుల జాబితాలో వేసి, వేరే స్కాలర్‌షిప్ పట్టిక చూపిస్తాయి. హెచ్-4 అయినా హైస్కూల్ ఇక్కడే చదివాడని చెప్పి, ఏ జాబితాలో వేస్తారో అడ్మిషన్ల ఆఫీసుతో రాతపూర్వకంగా తేల్చుకోండి. 21 నిండాక హెచ్-4 పోయి ఎఫ్-1కి మారాల్సి వస్తుంది, అది సరిగ్గా కాలేజీ మధ్యలో పడుతుంది. అప్పుడు ఇన్-స్టేట్ ట్యూషన్ (ఆ రాష్ట్రం వాళ్లకి ఉండే తక్కువ ఫీజు) ఉంటుందా పోతుందా అన్నది కూడా ఇప్పుడే అడగాల్సిన ప్రశ్న. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో పోటీ పద్ధతిలో ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం 1,000 డాలర్లు వస్తే, బయటివాళ్లకి కూడా ఇన్-స్టేట్ ట్యూషన్ వర్తింపజేసే వీలుంది. అది ఎన్ని సీట్లకి, ఏ స్కాలర్‌షిప్‌లకి అన్నది యూనివర్సిటీని బట్టి ఉంటుంది. జార్జియాలో హోప్, లూయిజియానాలో టాప్స్ లాంటి రాష్ట్ర స్కాలర్‌షిప్‌లు ఆ రాష్ట్రం పిల్లల చదువు ఖర్చులో పెద్ద భాగమే మోస్తాయి, అక్కడి కోచ్‌లకి అది కొండంత అండ. అదే జట్టులో చేరే ఫ్రిస్కో పిల్లాడికి అది రాదు. పక్కవాడికి వచ్చింది మనకి ఎందుకు రాలేదని బాధపడేవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

కమ్యూనిటీ కాలేజీ అంటే మన ఇళ్లలో చిన్నచూపు ఉంది. బేస్‌బాల్‌లో అది తగదు. హ్యూస్టన్ దగ్గరి శాన్ జసింటో కాలేజీలో రోజర్ క్లెమెన్స్, ఆండీ పెటిట్ ఆడారు. బ్రైస్ హార్పర్ 2010లో కాలేజ్ ఆఫ్ సదరన్ నెవాడా నుంచి, ప్రొఫెషనల్ జట్లు ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌గా వెళ్లాడు. రెండేళ్లు తక్కువ ఖర్చుతో ఆడి, శరీరం పెరిగి, వేగం పెరిగాక నాలుగేళ్ల కాలేజీకి మారితే అక్కడ ఇచ్చే డబ్బు కూడా మారుతుంది. మీరు చూసుకోవాల్సింది రెండు. హాస్టల్ ఉందా, లేక అపార్ట్‌మెంట్ మీరే తీసివ్వాలా? ఇంజనీరింగ్ లాంటి చదువు అనుకుంటుంటే ఆ క్రెడిట్లు ఏ యూనివర్సిటీ ఎంతవరకు తీసుకుంటుంది? రెండో దాంట్లో తేడా వస్తే ఒక ఏడాది ఫీజు అదనంగా పడుతుంది, పొదుపు చేసిందంతా అక్కడికి సరి.

ఈ మధ్య వచ్చిన మార్పు కూడా చెప్పాలి. పెద్ద యూనివర్సిటీలు ఆడే ఎన్‌సీఏఏ డివిజన్ 1లో ఇదివరకు బేస్‌బాల్‌కి 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి. 2025 జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్‌తో (ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాలో కుదిరిన రాజీ), అందులో చేరిన కాలేజీలకి ఆ పరిమితి పోయింది. బదులుగా జట్టులో 34 మందే ఉండాలి, ఆ 34 మందికీ పూర్తిగా ఇచ్చుకోవచ్చు. డివిజన్ 2, ఎన్‌ఏఐఏ, కమ్యూనిటీ కాలేజీల పరిమితులకి దాంతో సంబంధం లేదు. కానీ దెబ్బ మాత్రం కిందిదాకా తగిలింది. పైన చోటు పోయినవాళ్లు కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా కిందికి దిగుతున్నారు. మేజర్ లీగ్ డ్రాఫ్ట్ కూడా 2021 నుంచి 20 రౌండ్లే, 2019 వరకు 40 ఉండేవి. దాంతో 22 ఏళ్ల వయసున్న, అనుభవం ఉన్న పిచర్ డివిజన్ 2 కోచ్‌కి దొరుకుతున్నాడు, 18 ఏళ్ల పిల్లాడి కోసం డబ్బు దాచిపెట్టాల్సిన అవసరం తగ్గింది. ఐదారేళ్ల కిందట మీ బంధువుల అబ్బాయికి ఎంత వచ్చిందో దాంతో పోల్చకండి.

కోచ్ మాట సరి చూసుకోవాలంటే ఇంకో మార్గం ఉంది. అమెరికా విద్యా శాఖ వెబ్‌సైట్‌లో ఈక్విటీ ఇన్ అథ్లెటిక్స్ అనే సమాచారం ఉచితంగా దొరుకుతుంది. కాలేజీ పేరు కొడితే బేస్‌బాల్‌లో ఎంతమంది ఆడారు, జట్టు మీద ఏడాదికి మొత్తం ఎంత ఖర్చు పెట్టారు, అందులో ప్రయాణాలు, సామాన్లు లాంటి మ్యాచ్‌ల నిర్వహణ ఖర్చు ఎంత అన్నీ ఉంటాయి. మొత్తంలోంచి నిర్వహణ ఖర్చు తీసేస్తే మిగిలే దాంట్లో స్కాలర్‌షిప్‌లు, కోచ్‌ల జీతాలు పెద్ద భాగం. ఒకే కాన్ఫరెన్స్‌లోని ఐదారు కాలేజీలకి ఈ అంకెలు పక్కపక్కన రాసుకుంటే, ఎవరు నిజంగా డబ్బు పెడుతున్నారో మీకే కనిపిస్తుంది. కోచ్‌ని కూడా సూటిగా అడగొచ్చు: "మీకు స్కాలర్‌షిప్‌లు పూర్తిగా ఉన్నాయా, ఎన్ని ఉన్నాయి?" ఇది మర్యాద తప్పిన ప్రశ్నేం కాదు. వాళ్లకి అలవాటే.

ఫోన్లో చెప్పింది ఏదీ లెక్కలోకి రాదు. కాలేజీ ఆర్థిక సహాయ ఆఫీసు నుంచి సంతకంతో కాగితం రావాలి. చిన్న కాలేజీల్లో ఆట డబ్బు సాధారణంగా ఏడాదికే ఇస్తారు, ఏటా కొనసాగించాలి. ఎన్‌సీఏఏ డివిజన్ 2లో తర్వాతి ఏడాదికి తగ్గిస్తున్నా, తీసేస్తున్నా జూలై 1 లోపు రాసి చెప్పాలి, అప్పీలు చేసుకునే హక్కు కూడా పిల్లాడికి ఉంటుంది. ఎన్‌ఏఐఏ, కమ్యూనిటీ కాలేజీల దగ్గర గాయమైతే ఏం చేస్తారో, కోచ్ మారితే ఏం చేస్తారో ముందే అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. పన్ను విషయం కూడా ఒకటుంది: ట్యూషన్, ఫీజులు, పుస్తకాలకి పోయే స్కాలర్‌షిప్ మీద పన్ను పడదు, హాస్టల్, భోజనానికి వచ్చే భాగం మాత్రం ఆదాయంగా చూపాలి.

ఆ నలుగురు కోచ్‌లలో ఇప్పుడే ఎవరికీ అవునని చెప్పకండి, కాదనీ చెప్పకండి. డివిజన్ 2 కోచ్‌ని 40 శాతం దేనిలోనో రాసి పంపమనండి. ఎన్‌ఏఐఏ కోచ్‌ని ప్యాకేజీలో ఆటకి ఎంత, మార్కులకి ఎంత అని విడగొట్టి చెప్పమనండి. కమ్యూనిటీ కాలేజీలో హాస్టల్ సంగతి, క్రెడిట్ల సంగతి తేల్చుకోండి. డివిజన్ 3 కోచ్‌కి మాత్రం ఈ వారమే మార్కుల జాబితా పంపించి, వేసవిలో అడ్మిషన్ల ఆఫీసుకి ముందస్తుగా చూపించగలరా అని అబ్బాయి చేతే ఈమెయిల్ రాయించండి. తండ్రి రాసిన ఈమెయిల్‌కన్నా పిల్లాడు రాసిన దానికి కోచ్‌లు ఎక్కువ విలువిస్తారు.